నలభై ఐదు దాటాక నాలుగు గంటల్లోపు మారథాన్: జూలై నుంచి ఫిబ్రవరి దాకా పూర్తి ప్రణాళిక

ఇది మొదటి మారథాన్‌కి సిద్ధమయ్యేవారి కోసం రాసింది కాదు. ఒకటో రెండో ఫుల్ మారథాన్లు పూర్తి చేసి, 4:20 నుంచి 4:45 మధ్య ఆగిపోయి, "నాలుగు గంటల్లోపు రావాలంటే ఏం చేయాలి?" అని అడుగుతున్నవారి కోసం. వయసు 45 నుంచి 55, ఉద్యోగం, ఇల్లు, తెల్లవారుజామున దొరికే గంటన్నర. ఈ లెక్కలన్నీ అలాంటి జీవితానికి సరిపడేలా వేసినవి.

ముప్పై ఏళ్ళ వాళ్ళ ప్లాన్‌నే పట్టుకుని వేగం కాస్త తగ్గించి చేయడం ఈ వయసులో పనిచేయదు. పరిగెత్తే సత్తా మనం అనుకున్నంత తగ్గదు. తగ్గేది కోలుకునే వేగం. ముప్పైలో రెండు రోజుల్లో తీరే అలసట ఇప్పుడు మూడు, నాలుగు రోజులు తీసుకుంటుంది. అందుకే ఇక్కడ ప్లాన్‌ని కష్టమైన రోజుల చుట్టూ కాకుండా తేలిక రోజుల చుట్టూ కట్టాం.

## 1. లక్ష్యం మీకు అందుతుందా? ముందు లెక్క తేల్చండి

42.195 కిలోమీటర్లను నాలుగు గంటల్లోపు ముగించాలంటే సగటున కిలోమీటరుకు 5:41 పేస్ (అంటే ఒక్కో కిలోమీటరుకు 5 నిమిషాల 41 సెకన్లు) కావాలి. వాచ్‌లో మాత్రం 5:41 చూసుకుంటూ పరిగెత్తితే లక్ష్యం తప్పుతుంది. మలుపులు, జనాన్ని దాటుకుంటూ వెళ్ళడం, జీపీఎస్ తేడాలు అన్నీ కలిసి రేసు రోజు వాచ్ సాధారణంగా 42.4 నుంచి 42.6 కిలోమీటర్లు చూపిస్తుంది. కాబట్టి వాచ్‌లో కనిపించాల్సిన సగటు 5:36 నుంచి 5:38. ఈ మూడు నాలుగు సెకన్ల తేడాతో 4:01 దగ్గర ఆగిపోయినవాళ్ళు చాలామంది ఉంటారు.

జూలైలో ప్లాన్ మొదలుపెట్టే ముందు ఇవి ఉన్నాయో లేదో చూసుకోండి:

- గత మూడు నెలలుగా వారానికి కనీసం 35 కిలోమీటర్లు, మధ్యలో పెద్ద విరామం లేకుండా
- 10 కిలోమీటర్లు 55 నిమిషాల్లోపు
- హాఫ్ మారథాన్ 2:02 లోపు
- ప్రస్తుతానికి నొప్పి ఉన్న మోకాలు, మడమ, నడుము ఏవీ లేకపోవడం

10 కిలోమీటర్లకు 58 నిమిషాలు దాటుతుంటే ఈ ఏడాది 4:15 పెట్టుకోండి, నాలుగు గంటలు వచ్చే ఏడాది. వాచ్ చూపించే రేస్ ప్రెడిక్టర్‌ని నమ్మకండి. మీ పిక్కలు 35వ కిలోమీటరు దగ్గర ఎలా ఉంటాయో దానికి తెలియదు.

## 2. డాక్టర్ దగ్గరకు ముందే వెళ్ళండి

మన దగ్గర గుండె జబ్బులు పాశ్చాత్య దేశాల కంటే చిన్న వయసులోనే వస్తున్నాయి. "రోజూ పరిగెడుతున్నాను, నాకేంటి?" అనే ధీమా పనికిరాదు.

చేయించుకోవాల్సినవి:

- బీపీ, ఈసీజీ, డాక్టర్ సూచిస్తే టీఎంటీ (ట్రెడ్‌మిల్ మీద నడిపిస్తూ చేసే గుండె పరీక్ష), ఎకో (గుండె స్కానింగ్)
- లిపిడ్ ప్రొఫైల్ (కొలెస్ట్రాల్), హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగర్ సగటు)
- హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఐరన్ నిల్వలు), బీ12, డి విటమిన్ (శాకాహారులు బీ12 తప్పకుండా)
- నెలసరి ఆగిన లేదా ఆగబోతున్న మహిళలు ఎముకల సాంద్రత పరీక్ష గురించి డాక్టర్‌ని అడగాలి

టీఎంటీ నార్మల్ వచ్చినంత మాత్రాన ప్రమాదం పూర్తిగా లేనట్టు కాదు. పరిగెత్తేటప్పుడు ఛాతీలో బరువు, దవడకో ఎడమ చేతికో పాకే నొప్పి, ఎప్పుడూ లేని ఆయాసం, కళ్ళు తిరగడం, గుండె దడ వస్తే అక్కడే ఆగిపోండి. గ్యాస్ అనుకుని మాత్ర వేసుకుని మరుసటి రోజు మళ్ళీ పరుగుకు వెళ్ళకండి. ఇంట్లో ఎవరికైనా చిన్న వయసులో గుండెపోటు వచ్చి ఉంటే ఆ సంగతి డాక్టర్‌కి మీరే చెప్పండి, అడిగేదాకా ఆగకండి.

మాత్రలు వాడుతుంటే ఇంకో నాలుగు మాటలు. బీటా బ్లాకర్ (బీపీకీ గుండెకీ ఇచ్చే ఒక రకం మాత్ర) వేసుకునేవారికి గుండె వేగం పైకి లేవదు, కాబట్టి హార్ట్‌రేట్ జోన్లు పనికిరావు. షుగర్‌కి గ్లిమిపిరైడ్ లాంటి మాత్రలు గానీ ఇన్సులిన్ గానీ వాడేవారికి లాంగ్ రన్‌లో (వారానికోసారి చేసే పొడవాటి పరుగులో) షుగర్ బాగా పడిపోవచ్చు. కొలెస్ట్రాల్ మాత్రల వల్ల వచ్చే కండరాల నొప్పిని శిక్షణ నొప్పి అనుకోవడం తేలిక. బీపీకి ఇచ్చే కొన్ని మాత్రలు మూత్రం ఎక్కువ చేసి ఒంట్లో నీరు తగ్గిస్తాయి. ఏదీ సొంతంగా ఆపకండి, డోసు, వేళ మార్చడం డాక్టర్ పని.

## 3. రేసును ఎంచుకుని వెనక్కి లెక్కపెట్టండి

ఆగస్టులో జరిగే హైదరాబాద్ మారథాన్ మనకు దగ్గర, మన ఊరి రేసు. కానీ టైం కోసం పరిగెత్తేది కాదు. తేమ ఎక్కువ, దారి పొడుగునా ఫ్లైఓవర్లు. జనవరిలో ముంబై వాతావరణం కాస్త మేలే అయినా ఉక్క ఉంటుంది, పైగా చివరి భాగంలో పెద్దర్ రోడ్ ఎక్కుడు వస్తుంది. నాలుగు గంటలే గురి అయితే ఫిబ్రవరిలో జరిగే న్యూ ఢిల్లీ మారథాన్ మంచి ఎంపిక. దారి చదును, పొద్దున చల్లగా ఉంటుంది. అంతకంటే ముఖ్యమైన లాభం ఇంకొకటి: శిక్షణలో బరువైన నెలలు నవంబరు, డిసెంబరు, జనవరి అవుతాయి. తెలుగు రాష్ట్రాల్లో ఉదయం పూట ఇంతకన్నా అనువైన కాలం లేదు.

వెనక్కి లెక్కపెడితే ఇలా వస్తుంది:

- జూలై నుంచి అక్టోబరు మధ్య దాకా: పునాది
- అక్టోబరు చివరి నుంచి ఫిబ్రవరి రేసు దాకా: 18 వారాల అసలు శిక్షణ

మన క్యాలెండర్‌ని కూడా పక్కన పెట్టుకుని చూడండి. కార్తీక సోమవారాల్లో ఉపవాసం ఉంటే మంగళవారం కష్టమైన పరుగు పెట్టకండి, బుధ, గురువారాలకు జరపండి. అయ్యప్ప మాల వేసుకునే ఏడాది ఈ లక్ష్యం పెట్టుకోవద్దని నా గట్టి సలహా. 41 రోజులు ఒంటిపూట భోజనం, నేల మీద పడక, చెప్పుల్లేని నడక. ఆ దీక్ష దీక్షగా సాగాలి, శిక్షణ శిక్షణగా సాగాలి. రెండూ కలిపితే రెండూ చెడతాయి. పెళ్ళిళ్ళ ముహూర్తాలు కూడా ముందే రాసుకోండి, రాత్రి పన్నెండింటికి రిసెప్షన్ నుంచి వచ్చి నాలుగింటికి లేచి 26 కిలోమీటర్లు పరిగెత్తడం గాయానికి దగ్గరి దారి.

## 4. పునాది నెలలు: వేగం మరిచిపోండి

జూలై నుంచి అక్టోబరు మధ్య దాకా వారానికి నాలుగు రోజులు పరుగు, రెండు రోజులు బరువులు, ఒక రోజు పూర్తి విశ్రాంతి. వారం మొత్తం దూరాన్ని 35 నుంచి 48 కిలోమీటర్లకు మెల్లగా తీసుకెళ్ళండి. రెండు వారాలు పెంచి, మూడో వారం తగ్గించండి.

పరుగులన్నీ తేలికగానే. తేలిక అంటే కిలోమీటరుకు 6:20 నుంచి 6:50. వర్షాకాలపు ఉక్కలో 7:00 దాటినా తప్పు లేదు. పక్కనున్నవారితో పూర్తి వాక్యాలు మాట్లాడగలగాలి. హార్ట్‌రేట్ చూసుకునేవారు "220 లోంచి వయసు తీసెయ్యడం" అనే సూత్రాన్ని పట్టుకుని వేలాడొద్దు, అది మనిషికీ మనిషికీ పది పన్నెండు బీట్లు అటూ ఇటూ పోతుంది. మాట్లాడగలగడమే నమ్మదగ్గ కొలత.

వారానికి రెండుసార్లు ఈజీ రన్ చివర్లో 20 సెకన్ల చురుకైన పరుగులు ఆరు వేయండి. పూర్తి బలంతో కాదు, కాళ్ళు తేలిగ్గా లేచేంత. మధ్యలో నిమిషం నడక. వయసుతో ముందు పోయేది ఈ చురుకే, అందుకే దీన్ని ఏ నెలలోనూ వదలకూడదు.

ఆగస్టులో హైదరాబాద్ హాఫ్‌లో పాల్గొనాలనిపిస్తే పాల్గొనండి, టైం చూసి మాత్రం కుంగిపోకండి. డెంగీ, చికున్‌గున్యా తిరిగే నెలలు కూడా ఇవే. డెంగీ వస్తే డాక్టర్ సరే అనేదాకా పరుగు లేదు. చికున్‌గున్యా తర్వాత కీళ్ళ నొప్పులు నెలల తరబడి ఉండొచ్చు. ఆ ఏడాదికి లక్ష్యం మార్చుకోవడమే తెలివైన పని.

## 5. పద్దెనిమిది వారాలు: మూడు వారాల బ్లాకులు

మామూలు ప్లాన్లలో వారానికి రెండు స్పీడ్ సెషన్లు, ఒక లాంగ్ రన్ ఉంటాయి. 45 దాటాక ఆ మూడూ ఒకే వారంలో పడితే ఆరో వారానికల్లా పిక్క పట్టేస్తుంది. అందుకని వాటిని విడదీయండి:

- మొదటి వారం: బుధవారం టెంపో, ఆదివారం తేలిక లాంగ్ రన్
- రెండో వారం: బుధవారం తేలికే, ఆదివారం మారథాన్ పేస్ కలిసిన లాంగ్ రన్
- మూడో వారం: మొత్తం దూరం 30 శాతం తగ్గించి, వేగం కోసం చురుకు పరుగులు మాత్రమే

టెంపో అంటే 5:12 నుంచి 5:20 పేస్. కష్టంగా ఉండాలి, కానీ ఆఖరి నిమిషంలో "ఇంకో రెండు నిమిషాలు లాగగలను" అనిపించాలి. 8 నిమిషాలవి మూడుతో మొదలుపెట్టి, 10 నిమిషాలవి మూడు, 15 నిమిషాలవి రెండు, చివరికి 20 నిమిషాలవి రెండు. మధ్యలో మూడు నిమిషాల జాగింగ్. మారథాన్ పేస్ అంటే వాచ్‌లో 5:35 నుంచి 5:40.

ఆదివారాల లాంగ్ రన్ కిలోమీటర్లు, వారాల వారీగా:

1. 20 తేలిక
2. 20, చివరి 5 మారథాన్ పేస్
3. 16 తేలిక
4. 23 తేలిక
5. 23, చివరి 8 మారథాన్ పేస్
6. 16 తేలిక
7. 26 తేలిక
8. 25, అందులో 10 మారథాన్ పేస్
9. 18 తేలిక
10. 28 తేలిక
11. 26, అందులో 13 మారథాన్ పేస్ (లేదా హాఫ్ మారథాన్ రేసు)
12. 18 తేలిక
13. 30 తేలిక
14. 22 తేలిక
15. 28, అందులో 16 మారథాన్ పేస్
16. 20, అందులో 6 మారథాన్ పేస్
17. 14 తేలిక
18. రేసు

ఐదో బ్లాకులో క్రమం మారడం గమనించే ఉంటారు. రేసుకు సరిగ్గా మూడు వారాల ముందు అతి ముఖ్యమైన పరుగు పడాలి, దాని ముందు వారం కాళ్ళు తేరుకోవాలి. అందుకే 14వ వారం తేలిక, 15వ వారం బరువు.

వారం మొత్తం 45తో మొదలై 13, 15 వారాల్లో 62 నుంచి 66 దాకా వెళ్తుంది. అంతకు మించి పెంచాల్సిన అవసరం లేదు. 32, 35 కిలోమీటర్ల లాంగ్ రన్‌ల మీద మోజు కూడా అక్కర్లేదు. మన తేలిక పేస్‌లో 30 కిలోమీటర్లకే 3:15 గంటలు పడుతుంది. ఆపైన లాభం కంటే కోలుకోవడానికి పట్టే రోజులే ఎక్కువ.

సంక్రాంతి రేసుకు ఐదారు వారాల ముందు, అంటే దాదాపు 13వ వారంలో వస్తుంది. ఊరెళ్ళేవారు 12, 13 వారాలను తారుమారు చేసుకోవచ్చు. అప్పుడు 10, 11, 12 వరుసగా బరువవుతాయి కాబట్టి 10వ వారం లాంగ్ రన్‌ని 24కి దించండి. ఊళ్ళో కాలువ గట్టు మీద తేలిక పరుగు సిటీ రోడ్ల కంటే కాళ్ళకు ఎంతో మేలు. అరిసెలు లెక్కపెట్టకుండా తినండి, రెండు రోజులకు ఏమీ కాదు.

11వ వారం హాఫ్ రేసు దొరికితే అదే మీ పరీక్ష. 1:53 లోపు వస్తే ప్లాన్ సరైన దారిలో ఉంది. 1:53 నుంచి 1:57 మధ్య అయితే 4:05 నుంచి 4:10కి మార్చుకోండి. అంతకు మించితే 4:15. హాఫ్ రేసు చేసిన తర్వాత నాలుగు రోజులు ఏ వేగమూ వద్దు.

## 6. బరువులు: వారానికి రెండు రోజులు, సాకులు లేకుండా

వయసు పెరిగిన రన్నర్లను ఎక్కువగా ఆపేసేవి పిక్క, మడమ వెనక ఉండే అకిలీస్ స్నాయువు. మోకాళ్ళ గురించి చుట్టాలు భయపెడతారు గానీ సీజన్‌ని పాడుచేసేది తరచుగా ఆ కింది భాగమే.

ముందు ఒక పరీక్ష: గోడను వేళ్ళతో తాకి, ఒంటికాలి మీద మడమ పూర్తిగా ఎత్తి దించండి. ఆగకుండా రెండు కాళ్ళకూ 20 దాటాలి. దాటకపోతే టెంపో మొదలుపెట్టే ముందు దీన్నే సరిచేసుకోవాలి.

ఒక్కో సెషన్ 35 నిమిషాలు:

- ఒంటికాలి పిక్క ఎత్తులు: మోకాలు నిటారుగా 3 సార్లు 15, మోకాలు వంచి 3 సార్లు 15. అలవాటయ్యాక చేతిలో డంబెల్
- బరువు పట్టుకుని స్క్వాట్: 3 సార్లు 8
- రొమేనియన్ డెడ్‌లిఫ్ట్ (బరువు పట్టుకుని, వీపు నిటారుగా ఉంచి తుంటి దగ్గర వంగి లేవడం): 3 సార్లు 8
- మోకాలి ఎత్తు మెట్టు ఎక్కడం దిగడం: ఒక్కో కాలికి 3 సార్లు 8
- ప్లాంక్, సైడ్ ప్లాంక్: 40 సెకన్లవి రెండేసి

బరువు నిజంగా బరువుగా ఉండాలి. ఎనిమిదోది కష్టంగా లేవాలి. ఒక కిలో డంబెల్‌తో ముప్పై సార్లు ఊపితే రన్నర్‌కి లాభం లేదు. ఒక సెషన్‌ని కష్టమైన పరుగు రోజు సాయంత్రమే పెట్టుకోండి, ఈజీ రోజున కాదు. తేలిక రోజు పూర్తిగా తేలికగా మిగలాలి.

## 7. తిండి, నీళ్ళు, నిద్ర

మన భోజనంలో అన్నం ఎక్కువ, ప్రోటీన్ తక్కువ. రోజుకు కిలో బరువుకు 1.4 నుంచి 1.6 గ్రాముల ప్రోటీన్ గురిపెట్టండి. 65 కిలోల మనిషికి సుమారు 95 గ్రాములు. ఒక గుడ్డులో ఉండేది ఆరు గ్రాములే. ముద్ద పప్పు రెండు గరిటెలు వేసుకుంటే సరిపోతుందనుకోకండి. ఉదయం పెసరట్టుతో రెండు గుడ్లు, మధ్యాహ్నం చేపో చికెనో, శాకాహారులైతే మీల్ మేకర్ లేదా పనీర్, రెండు పూటలా పెరుగు. ఎండు మీల్ మేకర్ 50 గ్రాముల్లో పాతిక గ్రాముల ప్రోటీన్ ఉంటుంది, ఖర్చు కూడా తక్కువ. మూత్రపిండాల సమస్య ఉన్నవారు డాక్టర్‌ని అడగకుండా ఇది పాటించకూడదు.

ఈ 18 వారాల్లో బరువు తగ్గే డైట్ పెట్టుకోవద్దు. తగ్గాలనుకుంటే పునాది నెలల్లోనే, అదీ మెల్లగా.

నీళ్ళ సంగతి మీ ఒంటినే అడగండి. లాంగ్ రన్‌కి ముందు, తర్వాత బరువు చూసుకోండి. కిలో తగ్గితే, తాగింది కాక, లీటరు నీరు పోయినట్టు. రేసులో అందులో కొంత భర్తీ అయితే చాలు. పరుగు తర్వాత బరువు పెరిగి ఉంటే మీరు అతిగా తాగుతున్నారు. రక్తంలో సోడియం పలచబడటం ప్రాణం మీదకు తెస్తుంది.

7వ వారం నుంచి లాంగ్ రన్‌లో జెల్ (పరుగులో శక్తి కోసం తినే తియ్యటి ప్యాకెట్) అలవాటు చేయండి. గంటకు 45 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం కావాలి. చాలా జెల్‌లలో 22 నుంచి 25 గ్రాములు ఉంటాయి, అంటే సుమారు అరగంటకొకటి. ఖర్జూరం, బెల్లం కూడా పనికొస్తాయి గానీ మారథాన్ పేస్‌లో నమలడం కష్టం.

నాలుగున్నరకు లేచేవాళ్ళు తొమ్మిదిన్నరకల్లా పడుకోవాలి. రెండు రాత్రులు వరుసగా ఆరు గంటలకంటే తక్కువ నిద్రపోతే ఆ వారం టెంపోని ఈజీ రన్‌గా మార్చేయండి.

## 8. తరచూ జరిగే తప్పులు, దిద్దుబాట్లు

ఆదివారం గ్రూపులో రేసు పెట్టుకోవడం. కేబీఆర్ పార్క్ చుట్టూ అయినా, విశాఖ బీచ్ రోడ్ మీద అయినా ఇది మామూలే. పదిహేను కిలోమీటర్ల తర్వాత ఎవరో ఒకరు ముందుకు లాగుతారు, పరువు కోసం అందరూ వెనకే. దిద్దుబాటు: మీ కంటే నిమిషం నెమ్మదైన గ్రూపుతో వెళ్ళండి.

మడమ బిగుసుకుపోతున్నా కొనసాగించడం. ఉదయం మంచం దిగగానే మొదటి అడుగులు బిగుతుగా పడుతున్నాయా? అకిలీస్ ఇచ్చే తొలి సూచన అదే. వారం పాటు వేగం, ఎక్కుడు రోడ్లు ఆపి, పిక్క వ్యాయామాలు కొనసాగించండి. నొప్పికి పదిలో మార్కులు వేసుకోండి: మూడు దాకా పరిగెత్తవచ్చు, నాలుగైదుకి దూరం సగం, అంతకు మించితే లేదా నడక తీరు మారితే ఆపి ఫిజియో దగ్గరకు వెళ్ళండి.

నొప్పి మాత్ర వేసుకుని లాంగ్ రన్. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి నీరు తగ్గిన ఒంట్లో మూత్రపిండాల్ని దెబ్బతీస్తాయి. రేసు రోజు అసలే వద్దు.

తప్పిన పరుగుల్ని తర్వాతి వారంలో కలపడం. మూడు రోజులు తప్పితే మరిచిపోండి. వారం తప్పితే ప్లాన్‌లో ఇప్పుడున్న వారానికే వచ్చి, టెంపో ఒక్కటి మానేయండి. రెండు వారాలైతే ముప్పావు దూరంతో మొదలుపెట్టండి. చివరి పది వారాల్లో మూడు వారాలు పోతే లక్ష్యం మార్చుకోవాలి.

కార్బన్ ప్లేట్ బూట్లు (అడుగున గట్టి కార్బన్ పలక ఉండే రేసు బూట్లు) రేసు రోజే తీయడం. వాటి వల్ల పిక్క, మడమల మీద భారం పడే తీరు మారుతుంది. 8, 11, 15 వారాల లాంగ్ రన్‌లలో వేసుకోండి, రోజూ మాత్రం మామూలు బూట్లే.

ఎప్పుడూ రోడ్డుకు ఒకే అంచున పరిగెత్తడం. మన రోడ్లు అంచుల వైపు వాలుగా ఉంటాయి, ఒక కాలు ఎప్పుడూ పల్లంలోనే పడుతుంది. వాహనాలకు ఎదురుగా పరిగెత్తడమే భద్రత, రోడ్డు మీద అంచు మార్చుకోలేం, కాబట్టి వీలైనప్పుడు పార్కు, స్టేడియం, యూనివర్సిటీ క్యాంపస్ లాంటి వాహనాల్లేని చోటు వెతకండి.

## 9. చివరి మూడు వారాలు, రేసు రోజు

16వ వారం దూరం 25 శాతం, 17వ వారం 45 శాతం తగ్గించండి. రోజుల సంఖ్య తగ్గించవద్దు, మారథాన్ పేస్‌లో చిన్న ముక్కలు ఉంచండి. బరువులు రేసుకు పది రోజుల ముందు ఆపేయండి. ఈ రోజుల్లో లేని నొప్పులు కూడా ఉన్నట్టు అనిపిస్తాయి, టెన్షన్ మామూలే.

చివరి రెండు రోజులు కిలో బరువుకు 8 గ్రాముల పిండిపదార్థం. అన్నం, ఇడ్లీ, బ్రెడ్, అరటిపండు, బెల్లం పానకం. ఆకుకూరలు, పప్పు, వేపుళ్ళు, ఊరగాయ పక్కన పెట్టండి.

ఢిల్లీ ప్రయాణం చెక్‌లిస్ట్:

- బూట్లు, రేసు బట్టలు, జెల్‌లు, మందులు చేతి సంచిలోనే (చెక్-ఇన్ లగేజీలో వద్దు)
- స్టార్ట్ దగ్గర వేసుకుని వదిలేయడానికి పాత స్వెటర్
- రేసు ఉదయం తినేది ఏదైతే అలవాటో అది, ఇంటి నుంచే
- బిబ్ (ఛాతీకి పెట్టుకునే రేసు నంబరు) తీసుకుని వెంటనే గదికి, ఎక్స్‌పోలో గంటల తరబడి తిరగడం వద్దు
- గాలి నాణ్యత చూసుకోవడం, ఉబ్బసం ఉంటే ఇన్‌హేలర్ జేబులో

రేసు పేస్ ఇలా, రోడ్డు పక్క కిలోమీటరు బోర్డుల ప్రకారం:

- మొదటి 5 కిలోమీటర్లు 5:45. చల్లగా ఉంటుంది, కాళ్ళు తేలిగ్గా ఉంటాయి, 5:25లో పోవాలనిపిస్తుంది. పోకండి.
- 5 నుంచి 30 దాకా 5:40. 30వ బోర్డు దగ్గర గడియారం 2:50 చుట్టూ ఉండాలి. జెల్ వేళకు తినండి, ఆకలి అయ్యేదాకా ఆగొద్దు.
- 30 తర్వాత మిగిలిన 12.195 కిలోమీటర్లకు అరవై తొమ్మిదిన్నర నిమిషాలు చేతిలో ఉంటాయి. 5:41 నిలబెట్టుకుంటే చాలు.

30 దగ్గర 2:53 దాటి ఉంటే నాలుగు గంటలు దాదాపు చేజారినట్టే. అప్పుడు వేగం పెంచకండి, ఉన్న పేస్‌లోనే ముగించండి. తొడ పట్టేస్తే ఒక నిమిషం నడిచి, చిన్న అడుగులతో మళ్ళీ మొదలుపెట్టండి. ఛాతీ నొప్పి, కళ్ళు మసకబారడం, మాట తడబడటం ఉంటే టైం సంగతి వదిలేసి దగ్గర్లోని మెడికల్ టెంట్‌కి వెళ్ళండి.

## 10. రేసు తర్వాత

ఫినిష్ దాటాక పది పదిహేను నిమిషాలు నడుస్తూనే ఉండండి, ఒక్కసారిగా కూర్చుంటే కళ్ళు తిరుగుతాయి. తిరుగు ప్రయాణం అదే రోజు అయితే విమానంలో మధ్యమధ్యలో లేచి నడవండి. ఒక పిక్క మాత్రమే వాచి, వేడిగా, నొక్కితే నొప్పిగా ఉంటే రక్తం గడ్డకట్టడం కావచ్చు, ఆ రోజే డాక్టర్‌కి చూపించుకోండి.

మొదటి వారం పరుగు లేదు, నడక, ఈత సరే. రెండో వారం అరగంట ఈజీ రన్‌లు మూడు. బరువులు మూడో వారంలో, సగం బరువుతో. తర్వాతి ఫుల్ మారథాన్ కనీసం ఐదారు నెలల తర్వాతే. ఊపులో ఉన్నామని ఏప్రిల్‌లో ఇంకొకటి బుక్ చేసుకోకండి, ఎండాకాలం ఎలాగూ వస్తోంది.